పిడుగుపాటు విద్యుదంతరాయాల తగ్గింపు: పటసమాచార వినియోగం

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ప్రకటించింది. ప్రజలను అప్రమత్తం చేయడానికి ఆ సంఖ్య చాలు. విద్యుత్ లైన్లను కాపాడవలసిన ఇంజనీరుకు కావలసింది వేరు: ఏ పిడుగు, ఏ క్షణంలో, ఏ లైనుకు ఎంత దూరంలో, ఎంత ప్రవాహంతో పడింది?

చాలాకాలం లైన్ల రూపకల్పనకు ఉరుము వినిపించిన రోజుల సంఖ్యే ఆధారం. ఒక్కసారి ఉరిమిన రోజూ, రాత్రంతా ఉరిమిన రోజూ ఆ లెక్కలో ఒకటే. అమెరికాలో 1989 నాటికి దేశమంతటికీ విస్తరించిన పిడుగుల గుర్తింపు నెట్‌వర్క్ ఈ స్థితిని మార్చింది. పిడుగు వెలువరించే రేడియో తరంగం వేర్వేరు సెన్సర్లను చేరిన కాలాలను, దిశలను బట్టి దాని స్థానాన్ని గణిస్తారు. భారతదేశంలో పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ ఇటువంటి నెట్‌వర్క్‌ను నిర్వహిస్తోంది.

ఈ సమాచారం చేసే మొదటి మేలు కారణ నిర్ధారణ. గాలివానలో లైను ట్రిప్పయితే లాగ్‌బుక్కులో ‘పిడుగు’ అని రాయడం సులభం. చెట్టుకొమ్మ తగిలినా, ఇన్సులేటర్ పగిలినా ఆ మాట కిందే చెల్లిపోతుంది. రిలే నమోదు చేసిన క్షణాన్ని, లైను వెంబడి నిర్ణీత పరిధిలో పడిన పిడుగుల కాలంతో మిల్లీసెకన్ల మేరకు సరిపోల్చితే ఈ సందిగ్ధత చాలావరకు తొలగుతుంది. ఇందుకు సబ్‌స్టేషన్ గడియారాలు ఉపగ్రహ కాలంతో అనుసంధానమై ఉండాలి.

అయితే పిడుగులు దట్టంగా పడే చోటే అంతరాయాలు అధికమని భావించడం పొరపాటు. 30 కిలోఆంపియర్ల పిడుగు టవరుపై పడిందనుకుందాం. ఎర్తింగ్ నిరోధం 10 ఓంలైతే టవరు విభవం సుమారు 300 కిలోవోల్టులకు చేరుతుంది. 50 ఓంలైతే 1,500కు. 132 కిలోవోల్టుల లైను ఇన్సులేటర్లు సాధారణంగా 650 కిలోవోల్టుల పిడుగు తాకిడికి తట్టుకుంటాయి. ఎర్త్ వైరు ప్రవాహాన్ని పక్క టవర్లకు పంచుతుంది కనుక వాస్తవ విలువలు ఇంతకంటె తక్కువే. అయినా తారతమ్యం నిలుస్తుంది. డెల్టాలోని తడి ఒండ్రునేలలో నిలబడిన టవరు తప్పించుకునే పిడుగుకే తూర్పుకనుమల రాతిగుట్టపై ఉన్న టవరు లొంగిపోవచ్చు.

కాబట్టి పిడుగుల సాంద్రతా పటంపై నేల నిరోధకత, భూమి ఎత్తు, టవరువారీ ఎర్తింగ్ కొలతలు, గత ట్రిప్పుల స్థానాలు పొరలు పొరలుగా చేరాలి. వీటిలో దొరకడం కష్టమైనవి ఎర్తింగ్ కొలతలే. అవి ఉపగ్రహం నుంచి రావు, వేసవిలో ఒక్కొక్క టవరు వద్దకు వెళ్లి తీసుకోవలసినవి. బలహీనమైన టవర్లు తేలిన పిమ్మట నేలలో అదనపు ఎర్తింగ్ తీగలు పాతడం, రాతినేలలో లైన్ అరెస్టర్లు అమర్చడం మార్గాలు. ఒక్క టవరుకే అరెస్టర్లు పెడితే లోపం పక్క టవరుకు మారే అవకాశముంది; అందువల్ల పటంపై గుంపులుగానే ఎంపిక చేయాలి.

11 కిలోవోల్టుల ఫీడర్ల విషయం వేరు. వాటి సామగ్రి సాధారణంగా 75 కిలోవోల్టుల తాకిడికే రూపొందుతుంది. 100 మీటర్ల దూరంలో పడిన 30 కిలోఆంపియర్ల పిడుగు, 8 మీటర్ల ఎత్తున ఉన్న తీగలో సుమారు 90 కిలోవోల్టులను ప్రేరేపించగలదు. పిడుగు లైనును తాకనవసరమే లేదు. ఇక్కడ ఏ స్తంభమన్నది అంత ముఖ్యం కాదు. స్థాననిర్ణయంలో కొన్ని వందల మీటర్ల దోషమున్నా, ఫీడరు పరిసరాల సాంద్రతను బట్టి ట్రాన్స్‌ఫార్మర్ల అరెస్టర్లను తొలకరికి ముందు ఎక్కడ తనిఖీ చేయాలో నిర్ణయించవచ్చు.