కటకమును మోయు పలక

ఛాయాచిత్రణకు చరిత్ర వ్రాసినవారు కటకములను గూర్చి సంపుటములు నింపిరి, రసాయనములను గూర్చి అంతకు మించి నింపిరి. కాని ఆ కటకమును పెట్టె ముఖమున కదలకుండ పట్టి నిలుపు చదరపు పలకను, వృత్తిలోనివారు లెన్సుబోర్డు అని పిలుచునట్టిదానిని, వారు కన్నెత్తి చూచుట అరుదు. పెద్ద ప్లేటు కెమెరాలతో పని చేసినవారికి మాత్రము దాని విలువ తెలియును. పట్టాలపై నిలిచిన ముందుచట్రము, ఆ చట్రములో పలక, పలకలో కటకము. ఈ వరుసలో ఏ ఒక్క అతుకు వదులైనను ప్లేటు మీది బొమ్మ చెడును.

1839లో డాగేర్ కనిపెట్టిన ఛాయాచిత్రణ పద్ధతి లోకమునకు వెల్లడియైనప్పుడు పారిస్ నగరమున జిరూ అమ్మిన కెమెరా ఒకదానిలో నొకటి జారు రెండు కొయ్యపెట్టెలు మాత్రమే. షెవాలియే చేసిన కటకము ఇత్తడి గొట్టములో నిమిడి ముందుగోడకే బిగిసియుండెను. పెట్టెకొక కటకమే గనుక దానిని మార్చు ప్రసక్తి లేదు. మరుసటి సంవత్సరమే వియన్నాలో గణితాచార్యుడైన పెట్జ్వాల్ లెక్కకట్టగా ఫోక్ట్‌లెండర్ తయారుచేసిన కటకము, అంతకు ముందున్నదానికంటె పదిరెట్లకు మించిన కాంతిని లోనికి విడిచి, మనుష్యుల ముఖచిత్రములు తీయుటను సాధ్యము చేసెను. ముఖచిత్రమునకొక కటకము, ప్రకృతి దృశ్యమునకు వేరొక కటకము కావలసివచ్చినప్పుడు కెమెరా ముందుగోడ ఊడివచ్చు పలకగా మారెను. పెద్ద ప్లేట్లకై పెట్జ్వాల్ కటకమును పెంచినకొలది ఇత్తడి బరువు కిలోలలోనికి పోయెను.

ఆ కాలపు బిగింపు సరళమైనది. కొయ్యపలకలో గుండ్రని కంత త్రవ్వి, దానిపై ఫ్లాంజి అను ఇత్తడి వలయమును అమర్చి, దాని అంచునగల రంధ్రములగుండ చిన్న మరమేకులు కొయ్యలోనికి దిగవేసి, కటకపు గొట్టమును ఆ వలయపు లోపలి మరలో త్రిప్పి యెక్కింతురు. మేకు పొడవైనచో పలకను చీల్చుకొని వెనుకకు పోవును. పొట్టిదైనచో ముందుకు వ్రేలాడు బరువునకు పై మేకులు క్రమముగ ఊడివచ్చును. ఒక్కొక్క తయారీదారు తన యిచ్చవచ్చిన మరలు కోయుచుండుటచే ఒకని కటకము మరియొకని ఫ్లాంజిలో దిగెడిది కాదు. 1881లో బ్రిటిషు ఛాయాచిత్ర సంఘము ఈ మరలకు ప్రామాణిక కొలతలు నిర్దేశించెను గాని, ఫ్లాంజి పోయిన పాత కటకమును కొన్నవాని అవస్థ నేటికిని తీరలేదు.

కొయ్యకు మరియొక దుర్గుణము కలదు: తేమ తగిలిన ఉబ్బును, ఎండ తగిలిన ముడుచుకొనును, రెంటి నడుమ మేకు పట్టు సడలును. హిందూదేశము వంటి ఉష్ణదేశములకై ఇంగ్లండు తయారీదారులు టేకుతో కెమెరాలు చేసి, మూలలయందు ఇత్తడి పట్టీలు తాపడము చేసి పంపుచుండుటకు ఇదియే కారణము. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ గాజుప్లేట్ల మీద బంధించిన భవనముల నిలువు గీతలు నేటికిని నిటారుగ నున్నవన్నచో, ఆ యశస్సులో కొంత భాగము, నా యుద్దేశమున, పేరులేని వడ్రంగులకు చెందవలెను.

కటకమునకు మూతయే షట్టరైన కాలమున దానిని చేయి తాకుట తక్కువ. 1871లో మాడక్స్ జెలటిను పూత ప్లేట్లను ప్రతిపాదించిన పిమ్మట ఆ ప్లేట్ల వేగము హెచ్చి, సెకనులో పదియవ వంతు, నూరవ వంతు కాలమును కొలుచు యంత్రము అవసరమయ్యెను. 1912లో మ్యూనిక్ నగరమున డెకెల్ కర్మాగారము నుండి వెలువడిన కాంపూర్ షట్టరు కటకపు గాజుగుంపుల నడుమనే యిమిడినది. అటుపై షట్టరే కటకమునకు ఒడలాయెను. షట్టరు వెనుకనున్న మరను లోహపు పలక కంతలో దూర్చి, వెనుకవైపు నుండి పలుచని వలయమును త్రిప్పి బిగించు పద్ధతి స్థిరపడెను. కాని స్ప్రింగును ఎక్కించు మీటను నొక్కినప్పుడెల్ల, ద్వారమును తగ్గించు కట్టును త్రిప్పినప్పుడెల్ల, ఛాయాచిత్రకారుని వ్రేలు ఆ కట్టడమునంతయు వృత్తాకారముగ నెట్టుచునే యుండును. వలయము రవంత వదులైనచో ప్రతి బొమ్మతోను మరింత వదులగును. ఇందులకే షట్టరు వెనుక చిన్న మొలక యొకటి యుండి పలకలోని గాడిలో కూర్చుండును. గాడి లేని పలకలకై ఆ మొలకను ఊడదీయువారు పెక్కుమంది. అప్పుడు భారమంతయు వలయము మీదనే పడును.

తరువాత జపానులో తయారైన కోపాల్ షట్టర్లు కంతల కొలతలకు ఒక నియమము తెచ్చినవి: 0 సంఖ్యకు 34.6 మిల్లీమీటర్లు, 1కి 41.6, 3కి 65. పలకల కొలతలందు మాత్రము ఐకమత్యము కుదరలేదు. లిన్‌హోఫ్ టెక్నికా పలక 96కు 99 మిల్లీమీటర్లు, స్విట్జర్లండువారి సీనార్ పలక నలుప్రక్కల 140.

అమర్చువాడు తొందరపడరాదు. ముందు వెనుక గాజుగుంపులను విప్పునప్పుడు వానికి షట్టరునకు నడుమ కాగితమువలె పలుచని లోహపు రేకులున్నవేమో చూడవలెను. అవి వ్యర్థపు తునుకలు కావు, గాజుల నడుమ దూరమును నిర్ణయించునవి. వెనుక గుంపు విప్పిన పిదపనే షట్టరు కంతలో దూరును. వలయపు గాళ్లలో రెండు మొనల పనిముట్టునుంచి బిగింపవలెను. స్క్రూడ్రైవరుతో పొడిచి త్రిప్పుట అనేక వెనుక గాజులపై గీతలు మిగిల్చినది. పలక అంచున పాతరంగు పొక్కుగాని ఇసుక రేణువుగాని యున్న తుడిచివేయవలెను. 65 మిల్లీమీటర్ల కంతకు ఒకప్రక్క అర మిల్లీమీటరు ఎత్తుండెనా, 10 అంగుళముల ప్లేటు ఒక కొస నుండి మరియొక కొసకు పోవుసరికి దూరదృశ్యపు నాభితలము సుమారు 2 మిల్లీమీటర్లు ఒరుగును. ద్వారము విశాలముగ తెరచినప్పుడు ఒక వైపు కొండ స్పష్టముగను, రెండవ వైపు కొండ మసకగను వచ్చుటకు అది చాలును. ఛాయాచిత్రకారుడు నిందను కటకముపై మోపును.

చివరి పరీక్ష చీకటిగదిలో. షట్టరు మూసి, కెమెరా మడతల తిత్తి వెనుక నుండి టార్చిలైటు లోనికి పట్టి, పలక చుట్టును వలయము చుట్టును కన్నులు చీకటికి అలవాటుపడినదాక చూచిన, వెలుతురు ఎక్కడ కారుచున్నదో తెలియును. నేడు పలకలను ప్లాస్టిక్కుతో అచ్చువేయువారు కలరు. తేలిక షట్టర్లకు అవి చాలును. కాని వానిలో విరివిగ వాడు ప్లాస్టిక్కు 60 డిగ్రీల వేడికే మెత్తబడును గనుక, ఎండలో నిలిపిన కారులో పాత ఇత్తడి కటకముతో విడిచినచో పలక ముందుకు వంగును. కావున పెట్జ్వాల్ కాలపు బరువులు మోయించువారు మరల అల్యూమినియము పలకనో, గట్టి ప్లైవుడ్డునో, నాలుగు మరమేకులనో ఆశ్రయించుచున్నారు.