నీరుగంటి లేని నీటి సంఘం

"మా ఊర్లో ఐకమత్యం లేదు సార్, అందుకే ఏదీ బాగుపడదు." కలకడ, గుర్రంకొండ, కలికిరి వైపు ఏ పల్లెకు పోయినా ఈ మాట వినబడుతుంది. చెప్పేవాళ్ళు చాలావరకు రచ్చబండ మీద కూర్చునే హక్కు పుట్టుకతోనే వచ్చినవాళ్ళు. ఊరు కలవకపోవడాన్ని మనుషుల బద్ధకంగానో, అసూయగానో వివరించడం మన మేధావులకూ అలవాటే. వర్గ ఐక్యత గురించి మాట్లాడే మిత్రులు 'చైతన్యం లేదు' అంటారు. మాట మారింది గానీ నింద అదే. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో ముందే తేల్చిపెట్టిన సంస్కృతిని వదిలేసి ఐకమత్యం గురించి మాట్లాడటం కుదరదు. రాయలసీమలో దీన్ని అర్థం చేసుకోవడానికి చెరువును చూస్తే చాలు.

పీలేరు నుంచి రాయచోటికి పోయే దారిలో ఉన్న ఈ ప్రాంతానికి జీవనది లేదు. గుట్టలు, వంకలు, వాటి మధ్య గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మరవ పారితేనే కింది చెరువుకు నీళ్ళు. ఒక్కడు ఒంటరిగా చేసుకునే వ్యవసాయం కాదిది. కాలువలో కంప తీయాలి, కట్టకు మట్టి పోయాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో తేల్చాలి. ఈ పనులన్నిటి నడుమ నిలబడిన మనిషి నీరుగంటి. చాలా ఊళ్ళలో అతను మాలవాడో మాదిగవాడో అయివుంటాడు. వానాకాలం రాత్రుళ్ళు కట్ట మీద కాపలా అతనిదే. బుంగ పడితే ఊరిని లేపాల్సింది అతనే. తూము తెరవడానికి నీళ్ళలో మునిగేదీ, చివరి మడిదాకా నీళ్ళు పారించేదీ అతనే. కూలి ఏమిటంటే కళ్ళంలో కొలిచే మేర.

ఇంత ముఖ్యమైన పనిని ఊరు దళితుడి చేతిలో ఎందుకు పెట్టింది? గౌరవంతో కాదు. ఆయకట్టులో అతనికి భూమి లేదు కాబట్టి తన మడికి ముందు పారించుకుంటాడనే భయం లేదు. భూమి లేకపోవడమే ఈ ఉద్యోగానికి అర్హత అయింది! ఏ మడి ఎంత నీళ్ళు తాగుతుందో, కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో తెలిసిన ఒకే ఒక్కడు ఊరి పంచాయితీలో చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నీళ్ళలో కాలు పెట్టనివాళ్ళు కూర్చొని తీర్పులు చెప్పారు.

బావుల దగ్గరా ఇదే కథ. కరెంటు మోటర్లు రాకముందు సీమలో కపిల తోలేవాళ్ళు. దాని తోలుబాన కుట్టింది మాదిగ. ఆ బానలో తోడిన నీళ్ళు మడికి పారితే మైల లేదు. అదే మాదిగ ఆడమనిషి ఊరబావిలో బిందె ముంచితే మైల. శ్రమ కావాలి, శ్రమ చేసిన మనిషి వద్దు. ఫూలే 1868లో తన ఇంటి బావిని అంటరానివాళ్ళకు తెరిచినా, అంబేడ్కర్ 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగినా తేల్చుకోవాలనుకున్నది ఈ సంగతినే. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళను పాడుచేయడాన్ని అడ్డుకున్న మున్నంగి సువార్తమ్మ మీదికి భూస్వాముల పిల్లలు పోయారు. మర్నాడు జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలు చంపబడ్డారు.

మన ప్రాంతంలో అంత రక్తం కారకపోవచ్చు. ఇక్కడ జరిగింది వేరు. బోరు వచ్చాక భూమి ఉన్నవాడికి ఊరితో పని తప్పింది. పూడిక, వానల తరుగుదల, 2004లో వచ్చిన ఉచిత కరెంటు కారణాలు కావా అంటే, అవీ కారణాలే, కాదనను. కానీ చెరువు నిలబడాలంటే అరుంధతివాడవాళ్ళతో సరిసమానంగా కూర్చొని మాట్లాడాలి. బోరుకు ఆ అవసరం లేదు, అప్పు పుడితే చాలు. వెయ్యి అడుగులు దాటి తవ్వించి, నీళ్ళు పడక అప్పులపాలైన రైతులు మదనపల్లె చుట్టుపక్కల కోకొల్లలు. పక్కవాడితో కలవడం కంటే పాతాళానికి పోవడమే తేలికనిపించింది! పండించిన టమాటాను కూడా ఎవరికివారే మార్కెట్టుకు తోలి, ధర పడిపోయినప్పుడు ఎవరికివారే రోడ్డు పక్కన పారబోసి వస్తారు.

ప్రభుత్వం 1997లో నీటిపారుదల వ్యవస్థలను రైతుల యాజమాన్యానికి అప్పగిస్తూ చట్టం చేసింది. రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు పెట్టి ఎన్నికలు జరిపారు. ప్రపంచబ్యాంకు మెచ్చుకున్న సంస్కరణ ఇది. అయితే ఓటు భూమిని బట్టి వచ్చింది. మనవాళ్ళకు దక్కిన డీకేటీ పట్టాలు చాలావరకు గుట్టవార మెట్టలో ఉన్నాయి, తూము కింద కాదు. కాబట్టి నీరుగంటి ఓటరు కాలేదు. పాత ఊరు నోటిమాటతో చేసిన వెలిని కొత్త చట్టం కాగితం మీద రాసిపెట్టింది. ప్రజాభాగస్వామ్యం అనే మాట విన్నప్పుడల్లా ఏ ప్రజలు అని అడగడం విద్యార్థులు నేర్చుకోవాలి.

మనవైపు కూడా చూసుకుందాం. మాలపల్లె, మాదిగపల్లె వేర్వేరు బావులతో బతికాయి. 'మేం వాళ్ళింట్లో తినం' అనేమాట మనలోనూ ఉంది. పైవాడి తన్నును కిందివాడికి అందించే మెట్లవరస ఇది. అంబేడ్కర్ 1936లోనే దీన్ని ఎత్తిచూపాడు. దండోరా ఉద్యమం 1994 నుంచి వాటా అడిగితే, మాలల్లో చాలామంది దాన్ని చీలికగానే చూశారు. వాటా తేలకుండా కలిసి ఉండమనడం రచ్చబండ భాషే. ఆ భాష మన నోట వస్తే మరీ బాధ.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైన ఉపాధి హామీ కింద ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు. తట్ట మోసినవాళ్ళలో దళిత ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ మట్టి ఎవరి చేలకు పోవాలి, మరవ ఎంత ఎత్తుండాలి, చేపల పాట డబ్బు దేనికి ఖర్చుపెట్టాలి అనే విషయాలు వాళ్ళను ఎవరూ అడగలేదు. కలకడ వైపు పనిచేసే కార్యకర్తలు గ్రామసభలో మొదట అడగాల్సిన తీర్మానం ఇదే: చెరువు కమిటీలో నీరుగంటి కుటుంబాలకూ, పూడిక తీసిన ఆడవాళ్ళకూ ఓటుతో సహా చోటు. కుర్చీలు వేసినప్పుడు వాళ్ళకూ వేయాలి.