పిల్లవానికి వీడియో గేమ్ కొనవలెనా? కొంటే ఏది?



2023వ సంవత్సరం ఆగస్టు నెలలో ఒక శుక్రవారం కువైట్ నుండి మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ రోజు అతనికి సెలవు. క్రిస్మస్‌కు ఇంటికి వస్తున్నానని చెప్పి, "అన్నయ్యా, బాబు వీడియో గేమ్ కావాలంటున్నాడు. వాడు నాతో మాట్లాడేది ఆ ఒక్క మాటే. ఏది తెమ్మంటారో నువ్వూ వదినా ఆలోచించి చెప్పండి" అన్నాడు.

ఆ మాట మాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. తమ్ముడు వెళ్ళేనాటికి బాబుకు ఐదేండ్లు. మధ్యలో ఒక్కసారి నెల రోజులు వచ్చి వెళ్ళాడు. ఇప్పుడు వానికి తొమ్మిది. తల్లితో పాటు మా ఇంటనే పెరుగుతున్నాడు. ఫోనులో తండ్రి ముఖం కనబడగానే "బాగున్నాను నాన్నా" అని చెప్పి, ఫోను తల్లి చేతికిచ్చి వెళ్ళిపోయేవాడు.

మొదట మేము వద్దనే అనుకొన్నాము. వంటింటి రేకులు కారుతున్నవి. స్కూలు ఫీజు కట్టవలసి యున్నది. ఆటవస్తువు కొరకు అంత డబ్బా? అయితే మా మరదలు ఒక మాట అన్నది: "అక్కా, రేకులు వచ్చే ఏడు వేసుకోవచ్చు. వచ్చే ఏటికి వాడికి నాన్నతో పనే లేకుండా పోతే ఏం చేస్తాం?" దానికి మా యొద్ద జవాబు లేకపోయినది. కనుక కొనుటకే నిశ్చయించి, ఏది కొనవలెనో తెలుసుకొనుటకు బయలుదేరాము. పట్నంలో రెండు దుకాణములు తిరిగి, మా సంఘములో ఇంజనీరింగు చదివే అబ్బాయిని కూర్చోబెట్టి అడిగి తెలుసుకొన్న సంగతులు మీకును ఉపయోగపడునని వ్రాస్తున్నాము.

మూడు రకాలు

మా తరమువారికి వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించి క్యాసెట్టు పెట్టే పెట్టె. 1990ల్లో మన ఊళ్ళకు వచ్చిన వాటిలో చాలా మట్టుకు, జపాన్‌లో 1983లో నింటెండో కంపెనీ తెచ్చిన యంత్రమునకు నకళ్ళే. ఆ కంపెనీయే 1989లో గేమ్ బాయ్ అనే చేతి యంత్రము తెచ్చినది. అది నాలుగు చిన్న బ్యాటరీలతో నడిచేది. రంగుల తెర లేదు.

నేడు దొరికేవి మూడు రకాలు. మొదటిది టీవీకి కలిపి మాత్రమే ఆడేది. సోనీ వారి ప్లేస్టేషన్ 5, మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్ ఈ కోవకు చెందినవి. ఇవన్నీ 2020 నవంబరులో వచ్చినవే. బొమ్మ చాలా స్పష్టంగా ఉంటుంది. అయితే టీవీ ఉండాలి, కరెంటు ఉండాలి.

రెండవది చేతిలో పట్టుకొని మాత్రమే ఆడేది. 2019లో వచ్చిన నింటెండో స్విచ్ లైట్ అటువంటిది. ధర తక్కువ. కాని దానిని టీవీకి కలుపుట సాధ్యపడదు. ప్రక్కనున్న మీటలు ఊడి రావు.

మూడవది రెండు విధములా పనిచేసేది. 2017 మార్చిలో వచ్చిన నింటెండో స్విచ్, 2021లో దానికే మేలైన తెర పెట్టి తెచ్చిన ఓలెడ్ స్విచ్ ఇట్టివి. టీవీ దగ్గరి పీఠములో పెడితే టీవీలో, తీస్తే చేతిలో ఆడవచ్చును. 2019 తరువాతి స్విచ్ బ్యాటరీ, ఆటను బట్టి, సుమారు నాలుగున్నర గంటల నుండి తొమ్మిది గంటల వరకు వచ్చునని కంపెనీ చెప్పినది. కరెంటు పోయే మా ఊరికి ఇది చిన్న సంగతి కాదు.

ఖర్చు పెట్టెతో ఆగదు

ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు డిస్కు పట్టేదాని ధర 49,990 రూపాయలు, డిస్కు లేనిదాని ధర 39,990. పెట్టెలో ఒక్క కంట్రోలరే ఉంటుంది. ఇద్దరు ఆడాలంటే రెండవది కొనాలి. అప్పట్లో అది 5,990. ఆ పైన ఒక్కొక్క కొత్త ఆట వేలల్లోనే. కనుక పెట్టె ధర ఒక్కటే చూచి లెక్క వేయరాదు.

డిస్కు లేనిది చౌక గదా అని మేము మొదట సంతోషించాము. అబ్బాయి మమ్మును ఆపినాడు. డిస్కు గాని క్యాసెట్టు గాని అయితే, ఆడటం అయిపోయాక అమ్ముకోవచ్చు, అన్నదమ్ముల పిల్లలకు ఎరువు ఇవ్వవచ్చు, పాతది సగము ధరకు కొనుక్కోవచ్చు. ఇంటర్నెట్టులో కొన్న ఆటను ఇట్లు అమ్ముటకు వీలుండదు. పైగా పెద్ద ఆటలు దిగవలెనంటే పదుల కొలది జీబీలు కావాలి. పల్లెలో ఫోను డేటా మీద అది జరిగే పని కాదు.

అమ్మేవాని మాట, బిల్లు

స్విచ్ తరువాతి యంత్రమైన స్విచ్ 2, 2025 జూన్‌లో వచ్చినప్పుడు మన దేశంలో అధికారికంగా విడుదల కాలేదు. అట్టివి కొన్ని దుకాణములలో దొరుకును గాని, చెడిపోతే ఎవరు బాగుచేస్తారో బిల్లు మీద వ్రాయించుకొనవలెను. సంతలో "9999 ఆటలు" అని వ్రాసి అమ్మే పెట్టెలో సాధారణంగా కొన్ని ఆటలే పేర్లు మారి తిరిగి తిరిగి వచ్చును.

విదేశము నుండి తెప్పించేవారు ఛార్జరు మీద 100–240 వోల్టులని ఉన్నదో లేదో చూడండి. ఉంటే మన కరెంటుకు సరిపోతుంది. కువైట్ ప్లగ్గు కాళ్ళు పలకగా ఉంటాయి. మన గోడలో పట్టవు. దానికి చిన్న అడాప్టరు చాలు.

పిల్లల క్షేమము

ఆట పెట్టె మీద వయస్సు అంకె ఉంటుంది. యూరప్ పద్ధతిలో 3, 7, 12, 16, 18 అని వేస్తారు. అమెరికా పద్ధతిలో ఇ అంటే అందరికీ, టి అంటే పదమూడేండ్లు దాటినవారికి, ఎం అంటే పదిహేడు దాటినవారికి. పిల్లవాడు అడిగిన పేరు కాదు, ముందు ఆ అంకె చూడండి. మినుకుమినుకుమనే వెలుగులతో కొందరికి మూర్ఛ రావచ్చునని తయారీదారులే హెచ్చరిస్తారు. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే డాక్టరును అడగకుండా కొనవద్దు. స్విచ్‌లో రోజుకెంతసేపని తలిదండ్రులు ఫోను నుండే హద్దు పెట్టవచ్చును. మా ఇంట సాయంకాల ప్రార్థన, భోజనము అయిన పిమ్మట ఒక గంట అని ముందే చెప్పుకొన్నాము.

మేము ఏది చెప్పాము?

స్విచ్ తెమ్మన్నాము. కారణము ఒక్కటే. దాని ప్రక్కల రెండు చిన్న కంట్రోలర్లు ఊడి వస్తాయి. తండ్రికొకటి, కొడుక్కొకటి. మరేమీ కొననక్కరలేదు. ఆట కూడా ఇద్దరు కూర్చొని ఆడే కార్ల పందెమే, మారియో కార్ట్ 8 డీలక్స్, తెమ్మన్నాము.

డిసెంబరు 20న తమ్ముడు వచ్చాడు. బాబు మొదటి రోజు తల్లి కొంగు వదలలేదు. మరునాటి రాత్రి ఆట మొదలైనది. సిమెంటు మోసి మోసి గట్టిపడిన తమ్ముని చేతికి ఆ చిన్న మీటలు లొంగలేదు. అతని బండి మాటిమాటికి గోతిలో పడింది. "అట్లా కాదు నాన్నా, ఇట్లా" అంటూ బాబు వచ్చి తండ్రి వేళ్ళు పట్టుకొని నేర్పాడు. మా మరదలు వంటింట్లోకి వెళ్ళి కన్నీళ్ళు తుడుచుకొన్నది.

యంత్రమే అంతా చేసినదని మేము చెప్పము. ఆ నలభై రోజులలో తమ్ముడు వానిని సైకిలు మీద స్కూలుకు దించాడు, చెరువుకు తీసికొని వెళ్ళాడు, ప్రతి ఆదివారము ప్రక్కన కూర్చోబెట్టుకొన్నాడు. ఆట తలుపు తీసినది, అంతే. ఏ పిల్లవాని చేతిలోనైనా ఒంటరిగా పెట్టి వదిలితే అదే తలుపు మూసివేయగలదు. కొనేముందు "ఏది మంచిది" అని అడుగుటకంటె "వీడు ఎవరితో ఆడును" అని అడుగుట మేలని మాకు తోచినది.

తమ్ముడు తిరిగి వెళ్ళి చాలా కాలమైనది. రేకులు ఆ మరు వేసవిలో వేయించాము. ఇప్పుడు శుక్రవారము వస్తే ఫోను దగ్గర బాబే ముందు కూర్చుంటాడు. బంధువుల పిల్లలు వస్తే తన కంట్రోలరు ఇస్తాడు. రెండవది మాత్రము ఎవరికీ ఇవ్వడు. అది నాన్నది అంటాడు.