కత్తిపీటకు పదును

వానకాలం వచ్చిందంటే మా యానాం దగ్గర గోదావరి ఎర్రబడుతుంది. గోదావరి ఎర్రబడిందంటే పులస కోసం ఇల్లిల్లూ ఎదురు చూస్తుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత అందరికీ తెలిసిందే. ఆ పులసను ముక్కలు చేసే కత్తిపీటను మాత్రం తలుచుకునేవారు లేరు. అది మొద్దుబారిన రోజునే మనకు జ్ఞాపకం వస్తుంది.

ఫరంపేటలో మా అమ్మ వాడే కత్తిపీట నలభయ్యేళ్లనాటిది. నేను ఉద్యోగరీత్యా పొరుగు రాష్ట్రంలో వుంటున్నాను. మొన్న వానకాలంలో ఆవిడ చేప కోస్తూండగా, కత్తి దిగక గట్టిగా నొక్కితే ముక్క జారి, అరచెయ్యి తెగింది. నాలుగు కుట్లు పడ్డాయి. నేను శలవు పెట్టి వెళ్లేసరికి ఇంట్లో తీర్మానం అయిపోయింది: ఇకమీదట చేప బజారులోనే కోయించి తేవాలి, కత్తిపీట అటకెక్కాలి. అమ్మ ఏమీ అనలేదు. గుమ్మంలో కూర్చుని, "అయితే ఇంక నేను ఈ ఇంట్లో చేసే పని ఏంట్రా?" అని మాత్రం అడిగింది.

ఆ మాటకు జవాబు చెప్పలేక కత్తిపీట ముందు పెట్టుకుని కూర్చున్నాను. తప్పు అమ్మ చేతిలో లేదు, కత్తిలో వుంది. పదునైన కత్తి మనం చూపిన దారిన పోతుంది. మొండికత్తి మన బలాన్ని అడుగుతుంది; బలం ఎక్కువైన చోటనే చెయ్యి జారుతుంది.

వీధిలో చక్రం సాన తిప్పేవాడు వచ్చినప్పుడల్లా ఆ కత్తికి పదును పెట్టించేవారు. నిప్పురవ్వలు రాలుతుంటే మేమంతా చిన్నప్పుడు వింతగా చూసేవాళ్లం. ఆ రవ్వల వెనకాల వేడి వుందని అప్పుడు తెలియదు. ఉక్కు అంచు కాగి నీలిరంగు తిరిగితే కమ్మరి ఇచ్చిన గట్టిదనం అక్కడ పోయినట్లే. అటువంటి అంచు ఆ రోజు తెగుతుంది, వారానికి మళ్లీ మొండి. పైగా ప్రతిసారీ ఇనుము అరిగి, వెడల్పాటి కత్తి కాస్తా నెలవంకలా మిగిలింది. ఇందులో సాన పట్టేవాణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు. అంచు పెచ్చులూడిన కత్తికి చక్రమే గతి. మాటిమాటికీ నీళ్లలో ముంచి పట్టమని అడగడం మన వంతు.

మన భాషలో "పదను" అనే మాట చూడండి. దున్నడానికి నేలలో వుండవలసిన తడీ పదనే, ఇనుముకు కమ్మరి పెట్టేదీ పదనే, కత్తి అంచుకు వుండేదీ పదనే. నీటికీ వాడికీ వున్న యీ చుట్టరికం నీటిరాయి పట్టినప్పుడు బాగా తెలుస్తుంది. రాయి తడిగా వున్నంతసేపూ అంచు కాగదు, అరిగిన ఇనుపపొడి రాతి సందులలో ఇరుక్కోదు.

రాయి కూడా మనకు పరాయిది కాదు. వజ్రం తరువాత చెప్పుకోదగ్గ గట్టి ఖనిజాలలో కురువిందం ఒకటి. ఇంగ్లీషువారి "కొరండం" అన్న మాట దక్షిణదేశపు భాషలనుంచి వెళ్లినదే. మన సానగారులు కురువిందం పొడిని లక్కతో కలిపి సాన చేసుకొనేవారు. 1891లో అమెరికాలో అచిసన్ అనే ఆయన కొలిమిలో కార్బొరండం తయారుచేశాక కృత్రిమపు సానలు లోకమంతా వ్యాపించాయి. మదరాసులో కార్బొరండం యూనివర్సల్ కంపెనీ 1954లో వెలిసింది. యానాం ఫ్రెంచివారి పాలననుంచి బయటపడిన సంవత్సరం కూడా అదే. ఇక జపానులో క్యోటో పరిసరాల కొండలలో దొరికే మెత్తని రాళ్లకు అక్కడి వడ్రంగులలో ఎంతో పేరు. ఇప్పుడు ఎక్కువగా అమ్మేవి కృత్రిమపు రాళ్లే. రాతిమీద వేసే నెంబరు పెరిగినకొద్దీ రేణువు సన్నం. 400 గరుకు, 1000 మధ్యరకం, 3000 మొదలు 6000 దాకా నునుపు.

వంటింటికి 1000 నెంబరు రాయి ఒకటి, 3000 నెంబరు రాయి ఒకటి చాలు. 1000 నెంబరు రాయిని నీళ్లలో పది పదిహేను నిమిషాలు, బుడగలు ఆగేదాకా నానబెట్టండి. తడిగుడ్డమీద పెడితే కదలదు. కత్తి వీపును రాతిమీదనుంచి ఎంత ఎత్తాలన్నదే అందరి సందేహం. కత్తి వెడల్పులో నాలుగో వంతు ఎత్తితే సుమారు పదిహేను డిగ్రీలు, మూడో వంతు ఎత్తితే ఇరవై. మన కత్తులకు ఆ మధ్యన ఏదైనా మంచిదే. పట్టిన ఎత్తు మారకుండా వుండడం ముఖ్యం. రుద్దుతూంటే పైకి వచ్చే బురదనీటిని కడిగివేయకండి, పని చేసేది అదే. రెండో పక్క అంచు పొడుగునా వేలికి సన్నని గరుకు తగిలినప్పుడు తిప్పి పట్టండి. వేలిని అంచుకు అడ్డంగా, బయటికి లాగి చూడాలి. అంచు వెంబడి ఎన్నడూ పోనివ్వరాదు. ఆఖరున నునుపురాతిమీద తేలికగా నాలుగు దెబ్బలు వేస్తే ఆ గరుకు రాలిపోతుంది.

కత్తిపీట దగ్గర వరస మారుతుంది. కత్తి పీటకు బిగించి వుంటుంది గనుక రాయే కత్తి దగ్గరకు రావాలి. అంచు అవతలివైపుకు తిప్పి, పీటను కాలితో అదిమి, చిన్న రాయిని వీపు వైపునుంచి అంచు వైపుకు నడపాలి. వేళ్లు రాతి వెనకనే వుండాలి.

ఇంత తెలిసీ నేను మొదట పాడుచేశాను. నునుపెక్కువైతే పదునెక్కువనుకొని 6000 రాతిమీద గంటసేపు రుద్దాను. అంచు అద్దంలా మెరిసింది. అమ్మ టమాటా పెట్టి చూసి, "మెరుపుందిగాని పట్టు లేదురా" అంది. తాళ్లరేవులో పడవలు కట్టిన పెద్ద వడ్రంగి ఒకాయన మా వీధిలోనే వుంటారు. ఆయన విని నవ్వి, "ఆయ్, ఉలికి నునుపు కావాలి బాబూ. చేప తోలు తెగాలంటే అంచుకు చిన్న పళ్లుండాలండి" అన్నారు. అందుచేత మళ్లీ 1000 మీదకు వచ్చి, 3000 మీద రెండే దెబ్బలు వేసి ఆపాను.

ఆ ఆదివారం పులస దొరకలేదు, మామూలు చేపే వచ్చింది. అమ్మ కట్టు విప్పిన చేత్తో పీటమీద కాలు వేసి కూర్చుంది. అందరం ఊపిరి బిగబట్టి చూశాం. ముక్కలు ఒక్కో తోపుకు ఒకటి చొప్పున పళ్లెంలో పడ్డాయి. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి, కత్తిపీటను తన చోటనే గోడకు వాల్చింది. అటక మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను వచ్చేటప్పుడు రాళ్లు రెండూ అక్కడే వదిలివచ్చాను. పక్షానికోసారి అయిదు నిమిషాలు రాయి చూపిస్తే చాలునని చెప్పాను. మొన్న ఫోనులో అడిగితే, పక్కింటివారి చాకులు కూడా తానే నూరి ఇస్తున్నానని చెప్పింది. చదువరులు కూడా ఈ ఆదివారం మీ ఇంటి కత్తిపీటకేసి ఒకసారి చూడండి. అది మొద్దుబారిందని మీ ఇంట్లో ఆడవాళ్లు ఎన్నిసార్లు చెప్పారో కూడా జ్ఞాపకం చేసుకోండి.