ముంగిటికి వచ్చిన విద్య

గురువుకు దూరంగా ఉండి విద్య నేర్చినవారిలో మొదట స్మరణకు వచ్చేవాడు ఏకలవ్యుడు. మట్టితో ద్రోణుని ప్రతిమను చేసికొని, అడవిలో ఒంటరిగా సాధన చేసి, విలువిద్యలో అర్జునునికే ఆశ్చర్యం కలిగించిన కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. అతని పట్టుదలను అందరూ కొనియాడతారు. అతనికి కలిగిన లోటును తలచేవారు మాత్రం తక్కువ. తప్పు చేస్తే దిద్దేవారు లేరు. నేర్చినదానిని గుర్తించి పట్టం కట్టేవారూ లేరు. ఈ రెండు లోట్లను తీర్చడానికి ఏర్పడిన ఆధునిక వ్యవస్థయే దూరవిద్య.

మన దేశంలో 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం తపాలా ద్వారా పాఠాలు చెప్పడం ప్రారంభించింది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ మార్గంలో అడుగుపెట్టింది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. తరువాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని తొలి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామ్‌రెడ్డిగారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపాధ్యక్షులయ్యారు.

దూరవిద్య ఆవశ్యకత కొల్లేటి సీమలో స్పష్టంగా కనబడుతుంది. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు వచ్చి కలుస్తాయి; ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. వరదలు వచ్చినప్పుడు లంక గ్రామాలనుండి ఏలూరు కళాశాలకు వెళ్ళిరావడం కష్టం. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో పద్దులు రాసే యువకునికి పగటి తరగతులకు తీరిక ఉండదు. ఇంటి బాధ్యతవల్ల చదువు మధ్యలో ఆగిన గృహిణి స్థితీ ఇంతే. అట్టివారు ఉద్యోగం విడువకుండా, ఊరు కదలకుండా బ్యాంకింగు ప్రధానాంశంగా వాణిజ్య పట్టాకు చదవడానికి దూరవిద్య వీలు కల్పిస్తుంది.

బ్యాంకింగు తెలుగువారికి కొత్త కాదు. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. అది 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైంది. బ్యాంకు ఉద్యోగులు ఇంటివద్ద చదివి పరీక్షలు రాసే సంప్రదాయమూ పాతదే. అందుకై 1928లో ఏర్పడిన సంస్థ నేడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ అనే పేరుతో జె.ఎ.ఐ.ఐ.బి., సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్షలను నిర్వహిస్తున్నది.

ఈ చదువు కేవలం పదోన్నతి కోసమేనా? ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. చేపల రైతు ఒకడు వ్యాపారివద్ద రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చాడనుకుందాం. వినడానికి రెండే రూపాయలు. అది నూటికి, నెలకు. ఏడాదికి వడ్డీ 24,000 రూపాయలు. అదే మొత్తం బ్యాంకులో నూటికి ఏడాదికి 12 రూపాయల చొప్పున దొరికితే వడ్డీ 12,000 రూపాయలే. ఈ తేడాను రైతుకు విడమరచి చెప్పగలవాడే నిజమైన బ్యాంకు ఉద్యోగి. కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యాన్ని 2018–19 కేంద్ర బడ్జెట్టులో చేపల పెంపకానికీ విస్తరించారన్న సంగతి కూడా అతనికి తెలిసి ఉండాలి.

అప్పు ఇచ్చే ముందు హామీని పరీక్షించాలని పాఠ్యగ్రంథం బోధిస్తుంది. కొల్లేరు ఆ సూత్రానికి వ్యాఖ్యానం వంటిది. సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ప్రభుత్వం 1999లో అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అది రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను తెగ్గొట్టారు. గట్టు పోయింది, దానిపై చేసిన అప్పు మాత్రం మిగిలింది. చెరువు ఏ కాంటూరులో ఉన్నదో విచారింపకుండా అప్పిస్తే బ్యాంకు సొమ్ము మునుగుతుంది. అంతకంటె ముందు రైతు కుటుంబం మునుగుతుంది.

దూరవిద్య సులభమని భావించడం పొరపాటు. జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయ పద్ధతిలో ఒక క్రెడిట్టు అంటే 30 గంటల అధ్యయనం. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశానికి 120 గంటలు కావాలి. అట్టివి నాలుగు ఆరునెలల్లో పూర్తిచేయాలంటే రోజుకు రెండున్నర గంటలకు పైగా చదవాలి. అభ్యాస పత్రాలను గడువులోగా సమర్పించాలి. అధ్యాపకుడు వాటిని దిద్ది పంపుతాడు. ఏకలవ్యునికి లభించని ఈ దిద్దుబాటును మార్కులతో సరిపెట్టుకోక శ్రద్ధగా చదివినవాడే లాభం పొందుతాడు.

ఇక గుర్తింపు విషయం. రుసుము చెల్లించే ముందు ఆ సంస్థకూ, ఆ కోర్సుకూ, ఆ సంవత్సరానికీ విశ్వవిద్యాలయ నిధుల సంఘం అనుమతి ఉన్నదో లేదో విచారించాలి. అనుమతి ఉన్న దూరవిద్య పట్టా కళాశాల పట్టాతో సమానమని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అనుమతి లేని పట్టా చెల్లని నాణెం. హామీని పరీక్షింపక అప్పిచ్చిన బ్యాంకుకూ, గుర్తింపును విచారింపక చేరిన విద్యార్థికీ పట్టే గతి ఒక్కటే.

విద్య నేడు ముంగిటికి వచ్చింది. దానిని ఆహ్వానించి, ప్రతిదినం కొంత కాలమిచ్చి ఆదరించడం విద్యార్థి వంతు.

ప్రశ్నలు
1. ఏకలవ్యుని విద్యకూ నేటి దూరవిద్యకూ గల భేదాన్ని వివరించండి.
2. అప్పు ఇచ్చే ముందు బ్యాంకు ఉద్యోగి ఏ విషయాలను విచారించాలి? కొల్లేరును ఆధారంగా చేసికొని రాయండి.