పగడాలకు నీలి దీపం, చెరువు నాచుకు తెల్ల దీపం
తక్కువ ఖర్చుతో చేపల తొట్టికి వెలుగు

అచ్చంపేట: పుస్తెలతాడులో పగడం గుచ్చుకోవడం మన ఇళ్లలో తరతరాల ఆచారం. ఆ పగడం ఒకప్పుడు సముద్రంలో బతికిన చిన్న ప్రాణులు కట్టుకున్న గూడు అని చాలామందికి తెలియదు. ఇప్పుడు సెల్‌ఫోను తెరిస్తే చాలు, నీలి వెలుగులో రంగురంగుల పగడాలు మెరిసే అద్దాల తొట్లు కనిపిస్తున్నాయి. అవి చూసి పిల్లలు ముచ్చటపడడం, అలాంటిది ఇంట్లో పెడదామని పెద్దలను అడగడం మామూలే. అయితే దీపం కొనడానికి ముందే తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

నీలి వెలుగు ఎందుకు?

పగడపు ప్రాణి ఒంట్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురముంటుంది. చెట్టు ఆకులాగే అది వెలుగుతో ఆహారం తయారు చేసి, అందులో పెద్ద భాగం పగడానికి ఇస్తుంది. వెలుగు చాలకపోతే నాచు చస్తుంది, దాని వెనుకే పగడమూ చస్తుంది. సముద్రపు నీటిలో ఎర్ర వెలుగు మొదటి కొద్ది మీటర్లలోనే ఇంకిపోతుంది. లోతుకు దిగేది నీలి వెలుగే. అందుకే పగడాల తొట్టికి నీలం పాలు ఎక్కువగా ఉన్న ఎల్‌ఇడి దీపాలు వాడతారు. నీలి ఎల్‌ఇడిని సాధించిన ముగ్గురు జపాన్ జాతి శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన ఇళ్లలో తెల్లగా వెలిగే ఎల్‌ఇడి బల్బులోనూ ఉన్నది ఆ నీలి దీపమే. దాని మీద పసుపు వెలుగునిచ్చే పూత పూస్తే తెలుపు వస్తుంది.

పులికీ పగడానికీ ఒకే చట్టం

అమ్రాబాద్ పులుల అడవి అంచున ఉన్న ఈ ప్రాంతం వారికి 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆ చట్టం మొదటి షెడ్యూలులో పులి ఉంది. 2001లో దిబ్బలు కట్టే పగడాలను కూడా అదే షెడ్యూలులో చేర్చారు. లక్షదీవుల్లోనో, అండమాన్‌లోనో, మన్నారు సింధుశాఖలోనో పెరిగే పగడాన్ని విరిచి తెచ్చినా, అమ్మినా, కొన్నా నేరమే. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. జరిమానా 25 వేల రూపాయలకు తగ్గదు. విదేశాల నుంచి వచ్చినవాటికీ అనుమతి పత్రాలు, నమోదు కావాలి. కాబట్టి ఎవరో చవకగా ఇస్తామన్నారని బతికిన పగడాన్ని ఇంటికి తెచ్చుకోవడం కోరి చిక్కులు తెచ్చుకోవడమే.

దీపం కన్నా ఎండే పెద్ద ఖర్చు

చట్టం మాట పక్కన పెట్టినా లెక్క కుదరదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అంటే వంద లీటర్ల తొట్టికి మూడున్నర కిలోల ప్రత్యేక ఉప్పు కావాలి. నీళ్లు మార్చిన ప్రతిసారీ మళ్లీ కలపాలి. నీటి వేడి 25 డిగ్రీల దరిదాపుల్లో నిలపాలి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఈ మెట్ట ప్రాంతంలో దానికి నీటిని చల్లబరిచే యంత్రం తప్పదు. దాని ధర మీద, అది తాగే కరెంటు మీద దీపం ఖర్చు చిన్నదిగా కనిపిస్తుంది. వంద వాట్ల దీపం రోజుకు పది గంటలు వెలిగితే నెలకు 30 యూనిట్లు అవుతుంది. రాత్రింబవళ్లు తిరిగే 20 వాట్ల పంపు ఒక్కటే 14 యూనిట్లకు పైగా తీసుకుంటుంది.

2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్నది. ఆ గీత దాటితే మొత్తం బిల్లు కట్టవలసిందే. ఇప్పటికే 170, 180 యూనిట్లు వాడే ఇంటికి పగడాల తొట్టి వస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

మన చెరువే మేలు

తొట్టిలో పచ్చదనం, చేపల కదలిక కావాలంటే మంచినీటి తొట్టి చాలు. చెరువుల్లో పెరిగే నాచు, పట్టీల్లాంటి ఆకులతో నీటి అడుగున పెరిగే మొక్కలు ఇందుకు బాగా పనికివస్తాయి. ఉప్పు కలిపిన నీటిలో కాసేపు ముంచి, మంచినీళ్లతో కడిగి పెడితే జలగలు, నత్తగుడ్ల బెడద తగ్గుతుంది. గప్పీ, మోలీ చేపలు కొద్దిగా జవురు ఉన్న బోరునీటిలోనూ బతుకుతాయి. గప్పీలు దోమ పిల్లలను కూడా తింటాయి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేందుకు ఒక రోజు బకెట్లలో నిలవ ఉంచాలి.

అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న తొట్టిలో 40 లీటర్ల వరకు నీళ్లు పడతాయి. ఇంత తక్కువ లోతులో ఎర్ర వెలుగు కూడా అడుగుకు చేరుతుంది. కనుక ఖరీదైన నీలి దీపంతో పనిలేదు. ఇంట్లో వాడే 9 వాట్ల తెల్ల ఎల్‌ఇడి బల్బు ఒకటి ఈ తొట్టికి సరిపోతుంది. రోజుకు ఎనిమిది గంటలు వెలిగించినా నెలకు రెండు యూనిట్లకు కొంచెం పైన అవుతుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

వాట్లు కరెంటు ఖర్చును చెబుతాయి, వెలుగును కాదు. వెలుగుకు కొలత ల్యూమెన్లు. చెరువు మొక్కలకు లీటరుకు 20 ల్యూమెన్లు చాలు. 9 వాట్ల మంచి బల్బు 800 ల్యూమెన్లకు తగ్గకుండా ఇవ్వాలి.

పెట్టె మీద 6500 కె అని ఉన్న బల్బు పగటి వెలుగుకు దగ్గరగా ఉంటుంది. పసుపు వెలుగు బల్బు మొక్కలకు అంత అనువు కాదు.

ఐఎస్ 16102 అనే గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య, నక్షత్రాల చీటీ ఉన్నాయో లేదో చూడాలి. ఇవేవీ లేని బల్బు చవక అనిపించినా నాలుగు నెలల్లో మసకబారితే డబ్బు దండగ. 25 వేల గంటలు పనిచేసే బల్బు రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఎనిమిదేళ్లకు పైగా రావాలి.

వోల్టేజి హెచ్చుతగ్గులను ఎంతవరకు తట్టుకుంటుందో పెట్టె మీద రాసి ఉంటుంది. ఊళ్లలో ఇది తప్పక చూడాలి.

నీళ్లూ కరెంటూ పక్కపక్కన ఉన్నప్పుడు ఏమరుపాటు ప్రాణాంతకం. బల్బును నీటికి జానెడు ఎత్తున గట్టిగా బిగించాలి. వైరు ప్లగ్గుకు చేరేముందు కిందికి వంగి మళ్లీ పైకి లేచేటట్లు వదలాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా నేల మీద పడుతుంది. తొట్టిలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయడం పిల్లలకు మొదటి పాఠం కావాలి.

వెలుగు ఎక్కువైనా నష్టమే. రోజుకు ఎనిమిది గంటలు మించినా, తొట్టి మీద ఎండ నేరుగా పడినా అద్దాలకు పాచి పడుతుంది. దీపాన్ని రోజూ ఒకే వేళకు వేసి, ఒకే వేళకు తీస్తే మొక్కలూ చేపలూ ఆరోగ్యంగా ఉంటాయి.