కోతలయ్యాయి... ఎలుకలు ఇంటి దారి పట్టాయి!

వరి కోతలు పూర్తయి, ధాన్యం ఇంటికి చేరే వేళ ఇది. పైరు చేలో ఉన్నన్నాళ్లూ గట్ల కింద బొరియల్లో బతికిన ఎలుకలకు కోత అయ్యేసరికి తిండీ, చాటూ రెండూ పోతాయి. అవి ముందు కుప్పల్లోకి, గడ్డివాముల్లోకి, అక్కడినుంచి ఇళ్లలోకి చేరతాయి. చలికి ఇల్లు వెచ్చన, పైగా గాదెలో గింజ సిద్ధం. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో రైతు సోదరులు జాగ్రత్తగా ఉండాలి.

ఎలుక తినేదానికంటే పాడుచేసేది ఎక్కువ. దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోవడానికి సంచులు, తలుపులు, కరెంటు వైర్లు కొరుకుతుంది. మూత్రం, పెంటికలతో గింజ పనికిరాకుండా చేస్తుంది. ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం మనుషులకు సోకుతుంది. ఎలుకలున్న చోటికి పాములూ వస్తాయి.

వచ్చింది ఏ ఎలుక?

అటకల మీద, పెంకుల కింద తిరిగేది ఇంటి ఎలుక. ఇది గోడలు, తాళ్లు ఎక్కుతుంది. డబ్బాల వెనుక, బట్టల మధ్య దాగేది చిట్టెలుక. గోడ వారన బొరియ తవ్వి, బయట మట్టి కుప్ప పోసేది పందికొక్కు. ఎటు తిరుగుతున్నాయో తెలియకపోతే రాత్రి పడుకునే ముందు గోడల వెంట పలుచగా ముగ్గుపిండి చల్లండి. తెల్లారేసరికి అడుగుల జాడ కనిపిస్తుంది.

ముందు దారులు మూయండి

చిట్టెలుకకు పెన్సిలు పట్టేంత సందు చాలు. పెద్ద ఎలుకకు అర అంగుళం కన్నం చాలు. సంక్రాంతికి ఇల్లు దులిపి సున్నాలు వేసుకుంటాం కదా, ఆ పనిలోనే కన్నాలన్నీ చూసుకోవాలి. బొరియల్లో గాజుపెంకులు కూరి సిమెంటు పూయండి. ఉత్త మట్టితో మెత్తితే మళ్లీ తవ్వేస్తాయి. తూములకు, కిటికీలకు పావు అంగుళం కన్నాల ఇనుప జాలీ బిగించండి. తలుపు అడుగున సందుంటే రేకు కొట్టించండి. ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మలను మూడడుగుల దూరం ఉండేలా నరికేయండి. గడ్డివామి, పిడకల గూడు, పుల్లల మోపు ఇంటి గోడకు ఆనించి పెట్టకండి.

ధాన్యం బస్తాలను నేలమీద వేయకుండా చెక్కబల్లల మీద, గోడకు రెండడుగుల ఎడంగా పేర్చాలి. చుట్టూ మనిషి తిరిగే చోటుంటే ఎలుక జాడ వెంటనే తెలుస్తుంది. గాదె కాళ్లకు గరాటు బోర్లించినట్టుగా రేకు తొడిగితే ఎక్కలేవు. విత్తనాలను రేకు డబ్బాల్లో దాచుకోవడం మేలు. రాత్రిపూట ఎంగిలి గిన్నెలు, కోళ్ల దాణా బయట ఉంచకూడదు.

బోను పెట్టే తీరు

ఎలుక గోడ వారనే నడుస్తుంది. కాబట్టి బోను గది మధ్యలో కాకుండా గోడకు ఆనించి పెట్టాలి. కొత్త వస్తువంటే ఇంటి ఎలుకకు అనుమానం. మొదటి రెండు మూడు రోజులు తలుపు పడకుండా కట్టి, ఎండుచేప, కొబ్బరిముక్క, పకోడీ వంటివి ఉంచండి. తినడం అలవాటయ్యాక బిగిస్తే సులువుగా పడతాయి.

మందు విషయంలో తొందర వద్దు

ఇంట్లో మందు పెట్టక తప్పకపోతే బ్రోమోడయోలాన్ 0.005 శాతం బిళ్లలు వాడవచ్చు. ఇది తిన్న ఎలుక కొన్ని రోజుల తర్వాత చనిపోతుంది. కాబట్టి మిగతావాటికి అనుమానం రాదు. బిళ్లలను విడిగా వేయకుండా, గొట్టం ముక్కల్లో ఉంచి, పిల్లలకు, పశువులకు అందని చోట పెట్టాలి. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టండి. లేకుంటే వాటిని తిన్న కుక్కలు, పిల్లులు, గుడ్లగూబలు కూడా చస్తాయి.

పొలంలో వాడే జింక్ ఫాస్ఫైడ్‌ను ఇంట్లోకి తేవద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను మనుషులుండే ఇంట్లో, ఇంటి గోడ పక్కనున్న బొరియల్లో ఎట్టి పరిస్థితిలోనూ వేయరాదు. వాటి నుంచి వెలువడే వాయువు గదిలో నిద్రపోయేవారి ప్రాణం తీస్తుంది. దానికి విరుగుడు లేదు. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు కూడా అంతే ప్రమాదం. పిల్లలు టూత్‌పేస్టు అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదముంది.

పొరపాటున ఎవరైనా మందు మింగితే వాంతి చేయించే ప్రయత్నం, నాటువైద్యం చేయకండి. 108కి ఫోను చేసి, మందు ప్యాకెట్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్యాకెట్ చూస్తేనే డాక్టరుకు మందేమిటో తెలుస్తుంది. బ్రోమోడయోలాన్‌కు విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. అయితే అది డాక్టరు ఇవ్వాల్సిందే. మనిషి బాగానే ఉన్నాడని ఊరుకోవద్దు, కొన్ని మందుల ప్రభావం రెండు మూడు రోజుల తర్వాత గాని బయటపడదు.

ఒక్కరు చేస్తే చాలదు

మీ ఇంట్లో తరిమితే ఎలుక పక్కింటికి పోతుంది, వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఆడ ఎలుక మూడు వారాలు మోసి, ఈతకు ఆరేడు పిల్లలు పెడుతుంది. అందుకే వీధి వీధంతా మాట్లాడుకుని ఒకే రోజున బోనులు పెట్టుకోవాలి, కన్నాలు పూడ్చుకోవాలి. ఆరునెలలు కష్టపడి ఇంటికి తెచ్చుకున్న గింజను కాపాడుకోవడమూ సేద్యంలో భాగమే.